దక్షిణం నుంచి వచ్చిన అలలు

దయ్యాలను, శకునాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

ఎనభైల మొదట్లో భూపాలపల్లి అడవిలో, బొగ్గు కోసం సర్వే చేసే క్యాంపులో పనిచేసేవాణ్ని. నేలలో కొంచెం మందుగుండు పేల్చేవాళ్లం. ఆ అదురును వరుసగా పాతిన యంత్రాలు అందుకుంటే, కాగితం మీద గీతలు పడేవి. లోతుకు పోయిన అలలు ముందు అందుతాయి. నేల పైపొర వెంట పాకే అలలు వెనక, నెమ్మదిగా, పెద్దగా వస్తాయి. వాటిలోనూ పొడవాటివి కింది గట్టి పొరల దాకా తగులుతూ తొందరగా వస్తాయి, పొట్టివి వెనకబడతాయి. ఆ ఎడాన్ని బట్టే అడుగున ఏముందో, అదురు ఎంత దూరాన పుట్టిందో అంచనా కట్టేవాళ్లు.

ఒకనాడు పొద్దున, ఇంకా ఏమీ పేల్చకముందే గీతలు కదిలాయి. లోతు అలలు లేవు. పైపొర అలలే. ఆగి, మళ్లీ వచ్చాయి. దగ్గర్లో ట్రాక్టరేమైనా తిరుగుతోందేమోనని వెతికి వచ్చాం. లేదు.

మా ఇంజనీరు స్కేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"దక్షిణం చివరి యంత్రానికి ముందు అందుతున్నయి. వంద కిలోమీటర్ల అవతలివి."

"అంత దూరం నుంచా సార్?"

"గదే సమజైతలేదు."

మధ్యాహ్నం దాకా వచ్చాయి, చిన్నవవుతూ. తర్వాత ఆగిపోయాయి.

రాత్రికి మా చిన్నాయన కొడుకు రాజయ్య జీపులో వచ్చాడు. పొద్దున నెల్లికుదురులో మా చేని బావి లోతు చేస్తుంటే మట్టి కూలి, లోపల ఉన్న నా తమ్ముడు సోమయ్య చనిపోయాడని చెప్పాడు.

"ఎంటనే పానం పోలేదన్నా. బండను కొట్టుకుంట ఉన్నడు, పైకి వినపడుతనే ఉండె. తవ్వినకొద్దీ మట్టి జారుడే. మధ్యాన్నానికి చప్పుడు ఆగింది."

మానుకోట దవాఖానలో తమ్ముణ్ని చూశాను. నేనిచ్చిన నీలం అంగీ తొడుక్కుని ఉన్నాడు. మట్టికి రంగు తెలియడం లేదు. రెండు పిడికిళ్ల మీదా తోలు లేచిపోయింది.

నెల్లికుదురు మా క్యాంపుకు దక్షిణ దిక్కే. కానీ పిడికిలి దెబ్బ పక్క చేను కూడా దాటదు. మట్టి పెళ్లలు విరిగిపడ్డా అంత దూరం అందవు. తెలిసినవాళ్లను ఎందరినో అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ అంతుపట్టలేదు.

దినాలు అయిపోయాక అవ్వ, మా కన్నతల్లి, నా పక్కన వచ్చి కూర్చుంది.

"భూమి చప్పుడు వినే నౌకరి గద బిడ్డా నీది. వాడు అంతసేపు కొట్టిండట. నీకేమన్న వినపడ్డదా?"

"లేదవ్వా," అన్నాను.