హలోగారి మౌనం

మా ఆయన్ని వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలవరు. "హలో" అంటారు. మర్యాద తెలిసినవాళ్లు "హలోగారు" అంటారు. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా గేటు దగ్గర నిలబడి "హలోగారి ఇల్లు ఇదేనాండీ?" అని అడిగాడు. ఇక నేనెవరితో మొరపెట్టుకోను?

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన మైకు సెట్లు అద్దెకిస్తాడు. సభ ఎవరిదైనా జనం మొట్టమొదట వినేది మా ఆయన గొంతే. "హలో... హలో... చెక్... వినపడుతోందా?" అంటాడు. వెనక వరసలో ఎవరో ఒకరు చెయ్యెత్తి ఊపితే తప్ప ఊరుకోడు. మా పెళ్లికి కూడా మైకు ఆయనే పెట్టుకున్నాడు. పెళ్లికొడుకు కొత్త బట్టలతో స్పీకరు పెట్టెల వెనక దూరి ఊడిపోయిన వైరు వెతుకుతుంటే మా నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడే లేచి వెళ్లిపోవాల్సింది నేను. నా బుద్ధి గడ్డి తిని కూర్చున్నాను.

ఆయన లెక్కలో చప్పుడు ఉంటే లోకం బాగున్నట్టు. లేకపోతే ఎక్కడో ఏదో చెడిపోయినట్టు. నేను కుట్టుమిషను ఆపి సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉంటే చాలు, వంటింట్లోంచి "ఏమైంది? ఏమైంది?" అని పరుగెత్తుకొస్తాడు. కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే "కోపమా? కడుపునొప్పా?" అని నా బుర్ర తినేస్తాడు. అంతకుముందు లేని కడుపునొప్పి ఆ ప్రశ్నతో వచ్చేది.

ఈయనకి తగ్గ జోడీ మా అన్నయ్య. ఆయనది జనరేటరు. ఒకే షెడ్డు, ఒకే ట్రాలీ, ఏ సభకైనా ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ జనరేటరు పక్కన నిలబడి అన్నయ్య చెవులు సగం పోయాయి. అందుకని వదిన ఏం చెప్పినా అరిచి చెప్పేది. ఆవిడ చిన్నపిల్లల బళ్లో టీచరు, గొంతు ముందే గట్టిది. "నీళ్లు కాగాయి, స్నానానికి రా!" అని ఆవిడ కేకేస్తే మా వీధిలో నలుగురైదుగురు తువ్వాలు భుజాన వేసుకునేవాళ్లు.

ఆ వదిన పోయింది. ఉన్నట్టుండి, ఆసుపత్రికి తీసుకెళ్లే లోపే పోయింది. ఆ ఇంట్లో చప్పుడంతా ఆవిడతోనే వెళ్లిపోయింది.

బడివాళ్లు సంతాపసభ పెట్టారు. మైకు మా ఆయనదే, ఇంకెవరిది? హెడ్మిస్ట్రెస్ గారు నాలుగు మంచి మాటలు చెప్పి, "అందరం లేచి కాసేపు మౌనం పాటిద్దాం" అన్నారు. అందరూ లేచారు, తలలు దించారు. పిల్లలు కూడా కిక్కురుమనలేదు. మా ఆయన ఆ సమయానికి స్పీకరు వెనక వంగి ప్లగ్గు సర్దుతున్నాడు. ఆవిడ మాట ఆయన చెవిన పడలేదు. నిటారుగా లేచి చూస్తే ఆవిడ మైకు ముందు నిలబడి ఉన్నారు, స్పీకర్లోంచి ఉలుకూ పలుకూ లేదు. మైకు పోయిందనుకున్నాడు. ఓరి దేవుడో! నేను చొక్కా పట్టుకుని లాగేలోపే ఒక్క ఉదుటున వేదిక ఎక్కి, ఆవిడ ముందు నుంచి మైకు లాక్కుని, ఫుల్ సౌండుతో అన్నాడు.

"హలో... హలో... వినపడుతోందా?"

వెనక వరసలో ఒక పెద్దాయన అలవాటు కొద్దీ చెయ్యెత్తి ఊపాడు.

అన్నయ్య చప్పున తలెత్తి చూశాడు. కాసేపు అలాగే చూసి బయటికి నడిచాడు. ఇంటికెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత నేను క్యారేజీ తీసుకెళితే తీసుకునేంత మేరకు తలుపు తెరిచేవాడు. మా ఆయన వెళితే అదీ లేదు. జనరేటరు మీద టార్పాలిను పట్టా కప్పేసి ఉంది. క్యారేజీలో అన్నం సగం అలాగే తిరిగొచ్చేది. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది ఒంటి మీద. వదిన వెనకే అన్నయ్యా వెళ్లిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఉన్నది ఒక్క అన్నయ్య నాకు.

మా ఆయన ఊరుకున్నాడా? రోజూ పొద్దున్నే వెళ్లి ఆ మూసిన తలుపుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "నొప్పి తెలియకుండా పోయింది బావా, అదృష్టవంతురాలు!" అని ఒకరోజు. "పోనీలే బావా, ఇక నీ మీద అరిచేవాళ్లు లేరు!" అని ఇంకొకరోజు. ఒకసారి నేను క్యారేజీతో మెట్లెక్కుతూ విన్నాను. "మొన్న మన యాంప్లిఫయరు కూడా ఇలాగే బావా. అప్పటిదాకా బాగానే పాడింది. టప్‌మని పోయింది." 

నేను అక్కడే నెత్తి కొట్టుకున్నాను. "ఓదార్చడమా అది? మా వదినా, మీ యాంప్లిఫయరూ ఒకటేనా?" అన్నాను.

"దానికి వారంటీ కూడా లేదు" అన్నాడు దిగులుగా.

అలాంటి రోజుల్లో గ్రంథాలయం వాళ్లు మైకు కావాలని పిలిచారు. హీబ్రూ భాష చదువుకున్న ముసలి మాస్టారు ఒకాయన శనివారం సాయంత్రాలు ప్రసంగాలు చేస్తారట. విషయం, హీబ్రూ లేఖనాల్లో, అంటే యూదుల పవిత్ర గ్రంథాల్లో, మౌనం, నిశ్చలత. మౌనానికి మైకెందుకని నేను నవ్వాను. తీరా చూస్తే మాస్టారి గొంతు ఎంత సన్నమంటే ఫ్యాను తిరిగినా వినపడదు. అన్నయ్య రాడు కనక వైరు చుట్టే పని నాకు తగులుకుంది. అలా నేనూ విన్నాను.

"మనం మౌనం అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం" అన్నారు మాస్టారు మొదటి రోజు. "యుద్ధం ఆగాక దేశానికి వచ్చే నెమ్మది ఒక మౌనం. ఇద్దరు కొడుకులు ఒకే రోజు పోతే యాజకుడైన తండ్రికి నోట మాట రాలేదు, అదొక మౌనం. దేవుడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాడిది ఇంకొకటి. బయటినుంచి వింటే అన్నీ ఒకటే. లోపల వేరు."

తర్వాత ఒక ప్రవక్త సంగతి చెప్పారు. ప్రాణభయంతో పారిపోయి కొండ గుహలో దాక్కున్నాడు. బండల్ని పగలగొట్టే గాలి వచ్చింది, భూమి కంపించింది, నిప్పు వచ్చింది. దేవుడు వాటిలో దేనిలోనూ లేడు. అన్నీ అయ్యాక ఒక సన్నని సవ్వడి, దాదాపు నిశ్శబ్దమే, అది వినగానే అతను మొహం కప్పుకుని గుహ బయటికి వచ్చాడు.

మా ఆయన చెయ్యెత్తాడు. నేను ఆ చెయ్యి కిందికి లాగాను. రెండోది ఎత్తాడు.

"అయ్యా, అంత సన్నటి సౌండుకి వాల్యూం ఎంత పెట్టి ఉంటారండీ?"

హాలంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "ఎవరూ పెంచలేదు బాబూ. మిగతా రొద తగ్గింది. అంతే" అన్నారు. ఇంటికి వచ్చేదాకా మా ఆయనది ఒకటే గొణుగుడు. "పెంచకుండా ఎలా వినపడింది? ఎలా వినపడింది?"

తర్వాతి శనివారం, పిల్లల్ని, ఆస్తిని, ఒంట్లో సుఖాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి కథ. అతన్ని చూడటానికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. గుర్తుపట్టలేక ఏడ్చారు. అతని బాధ ఎంత పెద్దదో చూసి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు పక్కనే నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు.

"అంతవరకూ వాళ్లంత మంచి స్నేహితులు లేరు" అన్నారు మాస్టారు. "ఆ తర్వాత నోరు విప్పారు. నీకిలా ఎందుకు జరిగిందంటే అని అతనికే పాఠం చెప్పారు. చివరికి దేవుడికే వాళ్లమీద కోపం వచ్చింది."

నేను మా ఆయన వైపు చూశాను. మొహం పాలిపోయింది. "యాంప్లిఫయరు సంగతి చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు నా చెవిలో.

మర్నాడు పొద్దున్న లేచేసరికి నోటికి తాళం వేసుకున్నాడు. మౌనం సాధన చేస్తున్నాడట, ఆ ముక్క కూడా సైగలతోనే. నిజం చెబుతున్నాను, నా కాపురంలో అంత గోల ఎప్పుడూ వినలేదు. సబ్బు కావాలంటే చంకలు రుద్దుకుని గెంతాడు. నేను దురదేమోనని పౌడరు ఇచ్చాను. ఉప్పు కోసం పళ్లెం మీద గరిటెతో బాదాడు, ఈల వేశాడు, చప్పట్లు కొట్టాడు. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి చూసి, "అయ్యో అయ్యో, మూతి వంకర పోయింది, మాట పడిపోయింది!" అని వీధంతా పోగేసింది. ఒకరు అరికాళ్లు రుద్దారు, ఇంకొకరు ఆటో పిలిచారు. డాక్టరుగారు నాలుక నొక్కి "ఆ... అనండి" అంటే మా ఆయన "హలో" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో శనివారం మాస్టారు ఒక కీర్తన సంగతి చెప్పారు. కొండలు సముద్రంలో కూలుతుంటే, దేశాలు గగ్గోలు పెడుతుంటే, మధ్యలో దేవుడు ఊరకుండమంటాడు. "నోరు మూసుకోమని మాత్రమే కాదు. చేతులు దించెయ్యమని, పట్టు సడలించమని. నేను చక్కబెట్టేస్తాను, నేను సరిచేసేస్తాను అని ఎగబడే చేతులకి చెప్పిన మాట అది."

మా ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. రెండూ సౌండు మిక్సరు బటన్ల మీద ఉన్నాయి. ఆ మనిషి నిద్రలో కూడా దుప్పటి అంచు పట్టుకుని సౌండు తగ్గిస్తూ పెంచుతూ ఉంటాడు. మెల్లిగా వాటిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా ఒళ్లో కూడా ఒకటి పెట్టాడు.

మర్నాడు ఆయన అన్నయ్య ఇంటికి బయల్దేరితే మళ్లీ ఏం వెలగబెడతాడోనని నేనూ క్యారేజీ పట్టుకుని వెనకాలే వెళ్లి మెట్ల మలుపులో నిలబడ్డాను. మా ఆయన తలుపు కొట్టలేదు. పిలవలేదు. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. పై వాటాలో పనికొచ్చిన ప్లంబరు మెట్లు దిగుతూ "ఏం హలోగారూ, ఇక్కడ కూర్చున్నారు?" అంటే తల మాత్రం ఊపాడు. ఎండ మెట్టు మీంచి గోడ మీదికి పోయింది. నా కాళ్లు పీకాయి. ఆయన కదల్లేదు.

గడియ చప్పుడైంది. తలుపు దభాలున తెరిచి అన్నయ్య బయటికి వచ్చాడు, కంగారుగా.

"బావా! బతికే ఉన్నావా?" అన్నాడు. "రోజూ వాగేవాడివి. ఇవాళ నువ్వు రావడం కిటికీలోంచి చూశా, చప్పుడు లేకపోయేసరికి గుమ్మంలో పడిపోయావేమోనని గుండె జారిపోయింది."

మా ఆయన నోటిదాకా ఏదో మాట వచ్చింది. నేను చూశాను. మింగేశాడు. కొంచెం పక్కకి జరిగాడంతే. అన్నయ్య ఆ చోట్లో కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నారిద్దరూ. తర్వాత అన్నయ్యే మొదలుపెట్టాడు.

"నీ మీద కోపం అనుకున్నావు కదూ? కోపం కాదు బావా. ఆ రోజు అందరూ తలొంచుకుని నిలబడితే, నేను లోపల దాన్నే పిలుస్తున్నా. వినపడుతోందా, వినపడుతోందా అని. సరిగ్గా అప్పుడే నువ్వు మైకులో అదే మాట అన్నావు. అంత పెద్ద సౌండుతో. దానికి వినపడే ఉంటుందని తలెత్తి చూశా బావా. బదులొస్తుందేమోనని." 

మా ఆయన కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చేతులు ఎత్తలేదు.

"రాలేదు" అన్నాడు అన్నయ్య. "నా చెవులు కదా పాడు చెవులు, అందుకే వినపడలేదేమో అనుకున్నా. ఇంటికొచ్చి తలుపేసుకున్నా. ఏ చప్పుడూ లేకుండా ఉంటే ఎప్పటికైనా వినపడుతుందేమోనని. నువ్వేమో రోజూ పొద్దున్నే వచ్చి యాంప్లిఫయరు గురించి చెబుతున్నావు!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. క్యారేజీ చేతిలోంచి జారి గణగణా మెట్ల మీద దొర్లింది. ఇద్దరూ ఉలిక్కిపడి నన్ను చూశారు.

"ఏదైనా అను బావా" అన్నాడు అన్నయ్య మా ఆయన్ని.

ఆయన దొర్లిపోయిన క్యారేజీ వైపు చూశాడు. "ఆకలేస్తోంది" అన్నాడు.

ఒలికింది ఒలకగా మిగిలిన అన్నం ముగ్గురం తిన్నాం. అన్నయ్య గిన్నె ఖాళీ చేశాడు. ఇంకొంచెం ఉందా అని అడిగాడు కూడా. పెట్టడానికి లేక నేను మళ్లీ ఏడ్చాను.

చివరి శనివారం కరెంటు పోతుందని ముందే చెప్పారు కనక అన్నయ్య జనరేటరు మీద పట్టా తీశాడు. దాని దిక్కుమాలిన రొద విని నా ప్రాణం లేచొచ్చింది. మాస్టారు ప్రసంగం ముగించి, ఇక చెప్పడానికేం లేదు, కాసేపు ఊరికే కూర్చుందాం అన్నారు. అన్నయ్య వెళ్లి జనరేటరు ఆపేశాడు. దీపాలు పోయాయి, ఫ్యాన్లు ఆగాయి, స్పీకరు లోపలి గుయ్యిమనే మోత కూడా ఆగింది. మైకు ఈసారి నిజంగానే పోయింది. మా ఆయన చేతులు అలవాటుగా బటన్ల వైపు లేచాయి. దార్లోనే ఆగి ఒళ్లోకి వచ్చేశాయి.

అన్నయ్య మెల్లిగా వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఆ మసక చీకట్లో చెవిలో చెప్పాననుకుని, సగం చెవులవాడు కదా, హాలంతా మార్మోగేట్టు అడిగాడు.

"వినపడుతోందా బావా?"

మా ఆయన వెంటనే మాట్లాడలేదు. విన్నాడు. తర్వాత, నేను ఎన్నడూ వినని సన్నటి గొంతుతో, "ఆఁ బావా" అన్నాడు.

వెనక వరసలో, కిటికీ వెలుతుర్లో, ఎవరో చెయ్యెత్తి ఊపారు.