డెల్బర్ట్ ఓక్స్ చిత్తుప్రతులు

డెల్బర్ట్ ఓక్స్ తన జీవితంలో తుపాకీ పేల్చింది ఒక్కసారే. అదీ గురి తప్పి సొంత నీళ్ళతొట్టికి తగిలింది. అయినా లస్క్ ఊళ్ళో పశువుల దాణా కొట్టు నడుపుకుంటూ, ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి, క్లే మెరిడిన్ అనే మారుపేరుతో నలభై కౌబాయ్ నవలలు రాసి పారేశాడు. వాటిలో చచ్చినవాళ్ళందరూ నిజం మనుషులే అయితే వయోమింగ్‌లో సగం ఊళ్ళు ఖాళీ అయ్యేవి.

రాసి పారేశాడంటే నిజంగా పారేయడమే. టైపు మిషన్ మీద ఒక్కసారి కొట్టడం, వెనక్కి తిరిగి చదవకుండా కట్టగట్టి న్యూయార్కుకు పంపడం. అక్కడివాళ్ళు అచ్చు వేసుకుని, అసలు కాగితాలు చెత్తలో పడేసేవారు. కొన్నేళ్ళకు వాళ్ళే, కౌబాయ్ కథలు ఇక చాలన్నారు. డెల్బర్ట్ మిషన్‌కు ముసుగు వేశాడు. చాలా బాధపడ్డాడు.

ముసలితనంలో ఇప్పుడు యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. రచయితల కాగితాలు భద్రపరిచే విభాగంలో పనిచేసే ఇన్‌గ్రిడ్ సోల్‌బర్గ్ అనే ఆవిడ చేసింది.

"పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయండీ. మాకు ముఖ్యంగా చిత్తుప్రతులు కావాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు... కథ ఎలా మారుతూ వచ్చిందో మా పిల్లలు చూడాలి కదా."

"బోలెడున్నాయమ్మా" అనేశాడు డెల్బర్ట్.

ఒక్కటీ లేదు.

అది చాలనట్టు మర్నాడు పొద్దున్నే కాఫీ హోటల్లో అందరికీ చెప్పుకున్నాడు. పశువుల డాక్టరు మెర్ల్ ఊరుకుంటాడా?

"ఏరా, గుర్రమెక్కితే కళ్ళు తిరిగేవాడివి, నీ కాగితాలకి అద్దాల బీరువానా?"

"నువ్వు పోయాక నీ సూదులు ఎవడు దాస్తాడో చూద్దాంలేరా" అన్నాడు డెల్బర్ట్.

ఇక వెనక్కి తగ్గడానికి లేదు. పైగా యూనివర్సిటీ వాళ్ళ పెద్ద భవనంలో తన పేరుతో ఒక అర ఉండాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. అందుకని చిత్తుప్రతులు తయారు చేయడం మొదలుపెట్టాడు. తన 'గుడ్డిలోయ గుర్రాల దొంగ'ను ముందు పెట్టుకుని, దాన్నే ఇంకాస్త అధ్వానంగా టైపు కొట్టి, పెన్సిల్‌తో అడ్డంగా గీతలు గీసి, అచ్చులో ఉన్న మాటలు పైన రాశాడు. పాతబడినట్టు కనబడాలని కాగితాల మీద కాఫీ చిలకరించి ఓవెన్లో పెట్టాడు. మొక్కజొన్న రొట్టె చేద్దామని ఓవెన్ తెరిచిన అతని భార్య విల్మా, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏమయ్యా, ఇదేం వంట?"

"ఊరుకోవే. పాతబడుతున్నాయి."

సంగతి విని ఆవిడ పడీపడీ నవ్వింది. "చెడ్డగా రాయడానికి ఇంత తంటా ఎందుకయ్యా? నలభైసార్లు అలవోకగా రాశావుగా!"

ఆఖరి అధ్యాయం దగ్గర చిక్కొచ్చింది. అచ్చులో షెరీఫ్, గుర్రాల దొంగ జెస్సప్‌ను ఒక్క వాక్యంలో కాల్చి చంపేస్తాడు. చిత్తులో వేరేగా ఉండాలి కదా అని డెల్బర్ట్ షెరీఫ్ చేత తుపాకీ దింపించాడు. ఆ సందులో జెస్సప్ నోరు విప్పాడు. గుర్రాల్ని ఎందుకు ఎత్తుకెళ్ళాడో, ఇంటి దగ్గర తనకోసం ఎవరు చూస్తున్నారో చెప్పుకుపోయాడు. డెల్బర్ట్ కొడుతూనే ఉన్నాడు. గీతలు మరిచిపోయాడు, ఓవెన్ మరిచిపోయాడు, భోజనానికి పిలిస్తే పలకలేదు. అతని భుజం మీదుగా వంగి చదివిన విల్మా ఈసారి నవ్వలేదు.

"ఇది చెడగొట్టడం కాదయ్యా" అంది.

ఇన్‌గ్రిడ్ వచ్చిన రోజు మిషన్ పక్కనున్న ఆ కట్టే ఆవిడ కంటపడింది. నిలబడే నాలుగు పేజీలు చదివేసింది.

"ఇదేనండీ నేను వెతుకుతున్నది! అచ్చయిన ముగింపుకి ముందు ఇలా అనుకున్నారన్నమాట!"

అవునంటే చాలు, అర తనదే.

"కాదమ్మా. అది మొన్న రాసింది. అదిగో, ఆ కాఫీ మరకలవీ అంతే, మా ఓవెన్లో వేగినవి. నా దగ్గర చిత్తు అనేదే లేదు. అబద్ధం చెప్పాను."

ఆవిడకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "అవి లేకపోతే మా పైవాళ్ళు ఒప్పుకోవడం కష్టమండీ. పోనీ, ఇదైనా ఇవ్వండి. కొత్తదనే చెప్పి పెడతాం."

"పూర్తి కాకుండా అదెలా కుదురుతుందమ్మా? జెస్సప్ ఇంకా గుర్రం దిగలేదు."

ఇన్‌గ్రిడ్ డెల్బర్ట్ దాచుకున్న పాఠకుల ఉత్తరాల పెట్టె ఒక్కటే తీసుకుని, ఏ మాటా ఇవ్వకుండా వెళ్ళిపోయింది. మెర్ల్‌కు ఏం చెప్పాలో డెల్బర్ట్‌కు తెలియలేదు. తెలియకుండానే మిషన్ ముందు కూర్చున్నాడు. పొద్దున కొట్టిన పేజీ చదువుకున్నాడు. నచ్చలేదు. రెండు వాక్యాలు కొట్టేశాడు, పైన ఏదో రాశాడు, అదీ కొట్టేశాడు, ఉండచుట్టి బుట్టలో పడేసి కొత్త కాగితం ఎక్కించాడు. అతను రాసింది నిజంగా దిద్దుకోవడం అదే మొదలు.

విల్మా వంగి బుట్టలోంచి ఆ ఉండ తీసింది.

"ఏం చేస్తున్నావే?"

"నీ పని నువ్వు చూసుకోవయ్యా" అంటూ, దాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో ముడతలు సాఫు చేసి, బల్లసొరుగులో పెట్టింది.