నేను కొట్టేసిన పాస్‌వర్డ్

ఈ రోజు మధ్యాహ్నం లారీ డ్రైవరు మస్తాన్ ఎర్రగుంట్లలోని నా కంప్యూటర్ షాపుకు వచ్చాడు. చనిపోయిన భార్య పంపిన వాయిస్ మెసేజులన్నీ అతని ఆన్‌లైన్ ఖాతాలో ఉన్నాయి. నిరుడు నేనే అతని ఫోన్‌లో ఆ ఖాతాకు పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఆ ఫోన్‌లోనే ఉండి, వేలిముద్రతో ఖాతా తెరిచే తాళం) పెట్టి, పాస్‌వర్డ్ తీసేశాను. షాపుకు వచ్చేవాళ్ల పాస్‌వర్డ్‌లు రాసుకునే నా నోట్‌బుక్ జాబితాలోనూ దాన్ని అక్షరం కనబడకుండా కొట్టేశాను. మొన్న ఆ ఫోన్ లారీ చక్రం కింద నలిగిపోయింది.

అతను తెచ్చిన సెకండ్ హ్యాండ్ ఫోన్‌లోని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు పాస్‌కీ అంటేనే తెలియదు. నా కంప్యూటర్‌లో మూడు బ్రౌజర్లు ప్రయత్నించాను. రెండింటిలో పాస్‌కీ బటనే కనిపించలేదు. మూడోది పాస్‌కీ ఉన్న ఆ నలిగిపోయిన ఫోన్‌నే దగ్గర పెట్టమని అడిగింది.

"అది చక్రం కింద పడి పాయెనని నువ్వే చెప్పన్నా దానికి" అని నవ్వబోయి, ఆగిపోయాడు.

"ఆ మెసేజుల్లో ఏముండాది మస్తానూ?" అని అడిగాను.

"ఏముంటాదన్నా! 'యాడుండావు, అన్నం తింటివా?' అంతే. దినామూ అదే."

ఖాతా తెరుచుకోలేదు. అతను వెళ్లాక జాబితా తెరిచాను. అతని పేరు పక్కన, పని పూర్తయిందని నిరుడు పెట్టుకున్న టిక్కు అలాగే ఉంది.

పాస్‌వర్డ్ తీసేసే ముందు ఇంకో పరికరంలోనూ పాస్‌కీ పెట్టుకోండి. ఇంత జాగ్రత్తగా తప్పు చేసినవారు మీలో ఇంకెవరైనా ఉన్నారా?