చిన్నాయిన ట్రాక్టర్

పోయిన వారం మా చిన్నాయిన కొడుకు, అంటే నాకు తమ్ముడి వరుస, జనగామలో మా ఇల్లు అడుగుతూ వచ్చాడు. మెడలో కండువా, చేతిలో మిఠాయి డబ్బా. తరిగొప్పుల పక్కన మా పల్లెలో ఈసారి సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చిందట, భార్యను నిలబెట్టాడట. నర్సు ఉద్యోగంలో ఎన్ని ఊళ్లు తిరిగినా, రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నా, నా ఓటును మాత్రం సొంతూరి నుంచి తీయించుకోలేదని వాడికి తెలుసు. వంగి కాళ్లకు మొక్కబోయాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

"నా ఓటు మీ ఇంటికి పడది. వేస్తనని మొహమాటానికి చెప్పి నిన్ను మోసం చెయ్య. ఆ డబ్బా తీస్కపో," అన్నాను.

వాడి ముఖం మాడిపోయింది. "యాభై ఏండ్లు దాటె అక్కా. సచ్చిపోయినోళ్ల లొల్లి నువ్వింకెన్ని రోజులు పట్టుకుంటవ్?" అని వెళ్లిపోయాడు.

మా కోడలు కూడా అదే అంది, కొంచెం మర్యాదగా. వీళ్లకు చెప్పి లాభం లేదు. మన ఈడువాళ్లకైతే అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

మా బాపు, చిన్నాయిన నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తిన్న అన్నదమ్ములు. బాపు తక్కువ మాట్లాడే మనిషి. చిన్నాయిన పొలంలో పిలిస్తే ఊళ్లో వినబడేది. ఊరికి వచ్చిన మొదటి ట్రాక్టర్ మాదే. ఉమ్మడి పంట మీద కొన్నదే అయినా స్టీరింగు చిన్నాయిన చేతిలో ఉండేది, బాపుకు అదే సంతోషం. దాన్ని కడిగే రోజున మా వాకిట్లో పిల్లల జాతర జరిగేది, చిన్నమ్మ అందరికీ బెల్లం పెట్టేది.

నా పన్నెండో ఏట సర్పంచి ఎన్నికలొచ్చాయి. చిన్నాయిన నిలబడతానన్నాడు. అయితే అంతకు నెల ముందే బాపు చిన్ననాటి దోస్తు ఒకాయన పోటీకి దిగుతున్నానంటే, బాపు సరేనని మాటిచ్చి ఉన్నాడు. ఇచ్చిన మాటా పోగొట్టుకోలేక, తమ్ముణ్ణీ కాదనలేక, ఎవరి వెంటా తిరగకుండా మెట్ట చెలక దగ్గర మంచె మీదనే కాలం గడిపాడు. ఓటు ఎవరికి వేశాడో కట్టుకున్న మనిషికి, మా అవ్వకు కూడా చెప్పలేదు. నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నాయిన పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. ఓడినవాడికి లెక్కింపు కాగితం కంటే ఇంట్లోని మనిషి మీదనే ఎక్కువ అనుమానం. ఆ వారంలోనే వాకిలి నడుమ గోడ లేచింది. బర్రెలు పంచుకున్నారు, చెలక పంచుకున్నారు, ట్రాక్టర్ చిన్నాయిన వైపు పోయింది. బాపు దేనికీ ఎదురు చెప్పలేదు. నేనైతే ఆ గోడ మీద బొగ్గుతో తిట్లు రాసి, అవ్వ చేత దెబ్బలు తిన్నాను.

మరుసటి వానాకాలం, పొద్దున్నే గడ్డి కోస్తుంటే బాపును రక్తపింజర కరిచింది. కాలికి తువ్వాల బిగించుకుని, కుంటుకుంటూ తనే ఇంటికి వచ్చాడు. మా ఊరికి అప్పటికి బస్సు లేదు. జనగామ దవాఖానకు ట్రాక్టర్ మీద పోతే గంటన్నర, ఎడ్లబండి మీదైతే పగలంతా. అవ్వ నన్ను గోడ అవతలికి ఉరికించింది.

చిన్నాయిన అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు.

"చిన్నాయినా, బాపును పాము కరిసింది. జల్ది ట్రాక్టర్ తియ్యి," అన్నాను.

నా వైపు చూడలేదు. "ట్రాక్టర్ ఖరాబుంది, పో," అన్నాడు.

లోపల్నుంచి చిన్నమ్మ పరుగున వచ్చి నోరు తెరవబోయింది. ఆయన తలెత్తి ఒక్క చూపు చూశాడు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే ఆగిపోయింది. నేను ఇంకోసారి అడిగాను. మూడోసారి ఆయన కాళ్లు పట్టుకున్నాను. కాళ్లు విదిలించుకుని లేచి లోపలికి వెళ్లాడు.

పక్కింటాయన బండి కట్టాడు. బాపు తల అవ్వ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. వాపు మోకాలు దాటి పైకి ఎక్కుతుంటే నా అరచేతులకు తెలుస్తూనే ఉంది. జనగామకు ఇంకా సగం దారి ఉందనగా బాపు ప్రాణం పోయింది. తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గోడ అవతల ట్రాక్టర్ నిలబడి ఉంది. దాని చక్రాలకు ఆ రోజు దున్నిన పచ్చి మట్టి అంటుకుని ఉంది. ఏడ్చేవాళ్లందరూ శవాన్ని చూస్తుంటే నేను ఆ చక్రాలనే చూశాను.

ఆ తరువాత అవ్వ కూలికి పోయి నన్ను చదివించింది. నర్సు ట్రైనింగు అయ్యాక మొదటి పోస్టింగు రేగొండలో వచ్చింది. అక్కడ ఒక డాక్టరమ్మ, కోస్తా వైపు నుంచి వచ్చినావిడ, నేను 'జర ఆగుండ్రి, పరేషాన్ గాకుండ్రి' అంటే పదిమంది ముందు నా యాసను అనుకరించి నవ్వించేది. ఆమెను కూడా నేను క్షమించలేదు, అది వేరే సంగతి. బయ్యారంలో పనిచేసినన్నాళ్లు తండాల నుంచి వచ్చే ఆడవాళ్లు వాళ్ల భాషలో నాకు నొప్పుల పేర్లు నేర్పారు. పాము కాటుకు వచ్చినవాళ్లు ఎవరైనా సరే, నా డ్యూటీ అయిపోయినా కదిలేదాన్ని కాదు.

చివరికి మానుకోట దవాఖానలో ఉండగా, డ్రెస్సింగు గది ముందు బెంచీ మీద చిన్నాయిన కనిపించాడు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న కూతురింటికి వచ్చి ఉంటున్నాడట. షుగరు పుండు, పాదం సగం కుళ్లింది. ఇంకొక నర్సుకు అప్పగించి తప్పుకోవచ్చు. నేను తప్పుకోలేదు. రోజు విడిచి రోజు, నెలన్నర పాటు నా చేతులతోనే కడిగి కట్టు కట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకు పుండు కంటే అదే ఎక్కువ బాధ అని తెలిసే మాట్లాడలేదు.

ఒకరోజు కట్టు విప్పుతుంటే ఆయన నా వైపు వంగాడు. "బిడ్డా, ఆనాడు ట్రాక్టర్ మంచిగనే ఉండె," అన్నాడు.

"నాకెరుకనే. కాలు కదపకు," అన్నాను.

అంతే. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు, నేను పుండు శుభ్రం చేశాను. కాలు నిలిచింది. నడిచి ఇంటికి పోయాడు. తరువాత చిన్నమ్మ చేత ఒక గంపెడు సీతాఫలాలు పంపితే చిన్నమ్మకు అన్నం పెట్టి, గంపను మాత్రం తిరిగి పంపించాను. రెండేళ్లకు ఆయన పోయాడని కబురు వచ్చింది. వెళ్లలేదు. అవ్వ వెళ్లింది. తిరిగొచ్చాక స్నానం చేసి, నాతో ఆ పూట మాట్లాడలేదు.

ఇప్పుడు మా పల్లెలో ఒకే తల్లి పిల్లల్లో అన్నదొక జెండా, తమ్ముడిదొక జెండా. ఫలితాలు వచ్చిన మర్నాడు ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని ఫొటో దిగి ఫోన్లలో పెట్టుకుంటున్నారు. ఏడాది తిరిగేసరికి జెండాలు మార్చుకుంటున్నారు. పగ పట్టని కాలం వచ్చిందని సంతోషించాలని చూస్తాను, కానీ వాళ్లు పండక్కి కూడా ఒకరి గుమ్మం ఒకరు తొక్కరని విన్నాక ఆ సంతోషం నిలవదు.

ఈ మధ్య నాకు పదే పదే గుర్తొచ్చేది వేరే. నాకు ఐదారేళ్లప్పుడు ఇద్దరన్నదమ్ములూ జనగామ అంగడికి ఒకే సైకిల్ మీద పోయేవాళ్లు. చిన్నాయిన తొక్కేవాడు, బాపు వెనక కూర్చునేవాడు, నేను ముందు కడ్డీ మీద. ఎత్తు వచ్చినప్పుడు బాపు దిగి వెనక నుంచి నెట్టేవాడు. చిన్నాయిన ఆయాసపడుతూనే నా చెవిలో ఏదో పాట పాడేవాడు. వాళ్లిద్దరూ ఎట్లా కొట్లాడారో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అవ్వ, చిన్నమ్మ కూడా పోయాక, వాళ్లు ఎట్లా కలిసి ఉండేవాళ్లో ఎరిగిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఆ సంగతి ఇన్నేళ్లుగా నేనూ ఎవరికీ చెప్పలేదు.