సరస్వతమ్మ మిద్దె మీది వడియాలు

సరస్వతమ్మ నోరు మంచిది కాదని ఊళ్ళో అంటారు. నోటి సంగతి దేవుడెరుగు, ఆమె పెట్టే గుమ్మడి వడియాల కోసం మాచర్ల కొట్లవాళ్ళు వేసవి రాకముందే చెప్పిపెట్టుకుంటారు. అయితే ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీ వచ్చినప్పటినుంచీ ఆ వడియాలు ఆమె మిద్దె మీద ఎండలేదు. దుమ్ము! పిండి గిన్నెలు మోసుకుంటూ బస్సెక్కి, వెల్దుర్తిలో ఆడబిడ్డ ఇంటికి పోయేది. సొంత మిద్దె ఉండి ఇంకొకరి మిద్దె ఎక్కడం ఎంత నామోషీ! మోకాళ్ళ నొప్పికన్నా అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

కిందటేడు ఒళ్ళు మండి, కొన్ని తన మిద్దె మీదే ఎండబెట్టి, వేయించి, ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పట్టుకుపోయింది. మేనేజరు ధనుంజయరావు చేతిలో పెట్టి, "తిను నాయనా, మీ దుమ్ము రుచి తెలుస్తది" అంది. కొరికాడు. పళ్ళ కింద కసకస. పాపం, ఉమ్మలేదు, మింగాడు. ఆ మనిషిలో ఆమెకు నచ్చింది అదొక్కటే.

ఆ తర్వాత పొగగొట్టానికి కొత్త ఫిల్టర్లు వచ్చాయి. లారీలకు పట్టాలు కప్పారు. రోడ్డు మీద నీళ్ళు చల్లారు. ఈ వేసవిలో, పర్యావరణాన్ని బాగా కాపాడే కంపెనీ అని ఢిల్లీలో అవార్డు కూడా ఇచ్చారు. గేటుకు ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టించి, ధనుంజయరావు స్వీటు డబ్బాతో ఆమె ఇంటికి వచ్చాడు.

"అవార్డొచ్చింది పిన్నీ!"

"ఇచ్చినోళ్ళు నా మిద్దె ఎక్కి చూశారా?"

"కాయితాలు చూశారు."

"కాయితాలు వేయించుకు తింటామా ఏంది!"

లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది. అన్నేళ్ళ తర్వాత, ఈసారి తినడానికని ధైర్యం చేసి తన మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు. పొద్దున్నే వేయించింది గానీ, నోట్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. పంటికి దుమ్ము తగిలిందంటే మళ్ళీ వెల్దుర్తి బస్సే. ధనుంజయరావు చెయ్యి పళ్ళెం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏం, భయమా?"

"నువ్వూ తిను పిన్నీ."

ఇద్దరూ ఒక్కసారే కొరికారు. కరకర. ఆమె కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది, నాలుకతో పళ్ళన్నీ తడుముకుంది. ఏమీ లేదు! ఉప్పూ కారమూ తప్ప ఏమీ లేదు. సంతోషం పట్టలేక కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయితే నీ అవార్డు కూడా వచ్చినట్టేనా?" అన్నాడు ధనుంజయరావు, రెండోది అందుకుంటూ.

"ఈ ఏటికి వచ్చింది. పై ఏడు మళ్ళీ తినాల."

ఆయన గడప దాటకముందే ఆమె ఫోనందుకుంది.

"వదినా, ఇక నేను రాను. నువ్వే గిన్నెలేసుకుని రా, మా మిద్దె మీద పెడదాం."