రెండో బిందె

మా వీధి కొళాయి దగ్గర మొదటి బిందె ఆపాది, రెండోది నాది. నేను కర్నూలుకు కాపురానికి వచ్చిన కొత్తల్లో మొదలైన ఈ వరస పద్దెనిమిదేళ్లు మారలేదు. ఆపా అంటే ఉర్దూలో అక్క, మా ఎదురింటావిడను నేనలాగే పిలుస్తాను. బట్టలు కుడుతుంది, నాకంటే ఆరేళ్లు పెద్ద. రోజు మార్చి రోజు తెల్లవారి ఐదున్నరకు నీళ్లొచ్చేవి. నాకు లేవడం ఆలస్యమైతే ఆపానే మా వసారాలోంచి బిందె తీసుకుపోయి తన బిందె వెనక పెట్టేది. అది నాదని అందరికీ తెలియడానికి దాని మెడకు పచ్చ జాకెట్టు గుడ్డ పీలిక కట్టింది. మా వీధిలో మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, వరస ఉన్నట్టే. దాన్ని ఎవరైనా జానెడు వెనక్కి నెడితే, ఆ రోజు నా నోరు ఎంత పెద్దదో వీధి చివరిదాకా తెలిసేది.

ఇంటింటికీ కొళాయి వేయమని మునిసిపల్ ఆఫీసుకు అర్జీ రాసింది నేనే. కాలేజీలో సమాజశాస్త్రం చెప్పేదాన్ని, ఆ మాత్రం రాయకపోతే ఎలా? వీధంతా సంతకాలు పెట్టింది, ఆపా తప్ప.

"ఎవరింట్లో వాళ్లకు నీళ్లొస్తే ఎవరి మొగం ఎవరు చూస్తారమ్మా?" అంది.

"నీ ముచ్చట్ల కోసం ఆడోళ్ల నడుములు ఇరగాల్నా ఆపా?"

"నా నడుం గూడా ఇరిగిండాది. నేనేమన్నా అర్జీ పెట్టుకుంటినా?"

"అదే నీ తెలివి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించారని, దానికి ఎన్నాళ్లు ఏడ్చిందో ఆమె నాకు చెప్పుకున్నది ఆ కొళాయి దగ్గరే. ఆపా బిందె చంకనెత్తుకుని పోయింది. వారం తర్వాత, విదేశాల్లో చదువుకు పోయొస్తానని చెప్పడానికి వాళ్లింటికి వెళితే మిషను తొక్కడం ఆపలేదు.

"పో, పో. లోకంలో ఊర్లన్నీ బాగుచేసి రా."

నగరాల సమస్యల మీద నాలుగు నెలల చదువు అది. మూడు దేశాలు, మూడు నగరాలు. యాభైకి దగ్గరపడ్డ నేను, నా విద్యార్థుల ఈడు పిల్లల పక్కన బ్యాగు తగిలించుకుని బయల్దేరాను.

మొదట సావో పాలో. ఒక ముసలావిడ ఇంట్లో నాకు గది ఇచ్చారు. మర్నాడు అలవాటుగా ఐదింటికే మెలకువ వచ్చి, వంటింట్లో కొళాయి తిప్పాను. నీళ్లొచ్చాయి. వచ్చాక ఇంక ఆగుతానా? గిన్నెలు, జగ్గులు, కేకు చేసే పళ్లెం అన్నీ నింపేశాను. చివరికి పూలు తీసి పక్కన పెట్టి పూలజాడీ కూడా నింపాను. ఆవిడ లేచి వచ్చి చూసి, కంగారుగా తన భాషలో ఫోనుకు ఏదో చెప్పి, అది చేసిన అనువాదాన్ని నా ముందు పెట్టింది. 'నీళ్లు ఆగిపోతాయని ఎవరైనా చెప్పారా?' అని ఉంది. 'లేదు, వచ్చాయి' అని నేను జవాబు చెప్పాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుని, దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నాకు నవ్వు ఆగలేదు. ఈ సంగతి ఆపాకు చెప్పాలని ఫోను తీశాను. నేనన్న మాట గుర్తొచ్చి పెట్టేశాను.

తర్వాత హనోయ్. అడుగు ఎత్తు ప్లాస్టిక్ పీటల మీద కూర్చుని, ఫుట్‌పాత్ నడిచేవాళ్లదా, అమ్ముకునేవాళ్లదా అని వాదించుకున్నాం. నేనే గెలిచాను. "సాల్లే నోరు, ముందు నీళ్లు పట్టు" అనే మనిషి అక్కడ లేదు. ఆ గెలుపు ఉప్పు లేని కూరలా ఉండింది.

ఆఖరున కేప్‌టౌన్. ఊరి చివర రేకుల ఇళ్ల మధ్య ఒకే ఒక్క కొళాయి, దాని ముందు బకెట్ల వరస. అందులో ఒక బకెట్ పక్కన మనిషి లేదు. వెనకున్నామె దాన్ని కాలితో ముందుకు జరిపి, ఆ తర్వాతే తనది జరిపింది. నాతో వచ్చిన పిల్లలందరూ 'సదుపాయాల లేమి' అని రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను, అది నిజమే కాబట్టి. ఆ కాలితో జరపడాన్ని ఏ శీర్షిక కింద రాయాలో మాత్రం తెలియక పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. నా బిందెను ఆపా ఇంకా పెడుతోందా?

ఆ వారమే మా ఆయన ఫోను చేశాడు.

"నీ అర్జీ పనిచేసింది. ఇంట్లో కొళాయి వేసినారు, వీధిలోది పీకేసినారు."

"ఆపా ఏమనింది?"

"ఆమె బయటికి కనపడితే గదా!"

నేను తిరిగొచ్చిన రెండో రోజు, ఐదున్నరకు మా ఇంటి కొళాయి బుస్సుమంది. మంచం దిగి నాలుగడుగులు వేస్తే నీళ్లు. గేటు తీసి చూశాను. ప్రతి ఇంట్లోనూ నీళ్ల చప్పుడు, వీధిలో ఒక్క మనిషి లేదు. పాత కొళాయి ఉన్నచోట సిమెంటు పూసిన మచ్చ. వసారాలో నా బిందె బోర్లించి ఉంది, మెడకు పీలిక అలాగే ఉంది. దాన్ని తీసుకుని వీధి దాటాను.

ఆపా తన వాకిట్లో వేసిన కొత్త కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటోంది. నన్ను, బిందెను మార్చి మార్చి చూసింది.

"మీ ఇంట్లో నల్లా రాలేదా?"

"వచ్చిండాది."

"మల్ల?"

నేను బిందెను ఆమె కొళాయి పక్కన దించాను.

"ఆ పొద్దు నీ తెలివి గురించి అట్లా అనింది తప్పే ఆపా" అన్నాను. కొళాయిల అర్జీ తప్పని మాత్రం అనలేదు, ఇప్పటికీ అనను.

"ఇన్ని ఊర్లు తిరిగొస్తే గానీ తెల్లేదా? ఈ మాట చెప్పేకి మన ఈది దాటితే సాలు గదా!"

నేను ముక్కు చీదుకుని, ఆమె బిందెను పక్కకు జరిపి నాదాన్ని కొళాయి కిందికి తోశాను.

"ఓయ్, ఆగు! ముందర నాది."

తన బిందె మళ్లీ కొళాయి కింద పెట్టి, నాదాన్ని కాలితో దాని వెనక్కి జరిపింది.