కమలాకర్ నూనెడబ్బా

మొరాయించే ప్రతిదానికీ నాలుగు చుక్కల నూనె చాలని కమలాకర్ నమ్మకం. సిరిసిల్లలో నేర్చిన పని అది. ఇప్పుడు సూరత్ కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నా ఆ నమ్మకం సడలలేదు. గది తలుపుకు, పిల్లల మూడుచక్రాల బండికి, తల్లి కనకవ్వ ట్రంకుపెట్టె తాళానికి, అన్నింటికీ సాంచా నూనె పోశాడు. ఒక్కటీ చెడిపోలేదు. అందుకే మొన్న సెలవు పూట, కనకవ్వ పిల్లలను బజారుకు తీసుకుపోయిన వేళ, కండోమ్‌కు కూడా పూశాడు.

అది చినిగింది.

"మూడోది పుడితే ఏడ పండవెడ్తవ్? సాంచా మీదనా?" అంది భార్య ప్రమీల. ఆ రేకుల గదిలో ఇప్పటికే ఐదుగురు. ఒకరు పక్కకు తిరగాలంటే మిగతావాళ్లు లేవాలి.

మర్నాడే ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి పోయారు. అక్కడ పనిచేసే ఊర్మిళ సూరత్‌లోనే పెరిగిన తెలుగు పిల్ల. కండోమ్ చినిగిందని విని అడిగింది.

"ఇవి ఏడ దాచినవ్ అన్నా?"

"కార్ఖానాల. మోటర్ పక్క గూట్ల. ఇంట్ల మా అవ్వ ఉంటది గద."

"మోటర్ పక్కనా? గాడ రొట్టె కాల్చొచ్చు! ఇంకేమన్న చేసినవా?"

కమలాకర్ ప్రమీల వైపు చూశాడు. ప్రమీల గోడ వైపు చూసింది.

"జర నూనె..."

"ఏం నూనె?"

"సాంచాది."

ఊర్మిళ నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది. "అది రబ్బర్ అన్నా. నూనె తగిలితే పాడైతది. కొబ్బరినూనె గూడ వద్దు."

"మరి సాంచాల నూలు మోసే నాడెకు పోస్తే సాఫ్‌గ ఉరుకుతది గద?"

"నాడె కట్టెది, భాయ్!"

జల్దీ వచ్చారు కాబట్టి నయమంటూ ప్రమీలతో అక్కడే గర్భం రాకుండా ఒక మాత్ర మింగించింది. తర్వాత కమలాకర్‌కు కొత్త ప్యాకెట్లు కాగితం సంచిలో పెట్టిచ్చి పాఠం చెప్పింది. ప్యాకెట్ మీద తారీఖు చూడాలి. వేలితో నొక్కితే లోపల గాలి తెలియాలి. పళ్లతో, కత్తెరతో చింపకూడదు. తొడిగేటప్పుడు కొసను రెండు వేళ్లతో నొక్కిపట్టి గాలి తీసేయాలి. ప్రతిసారీ కొత్తది. దాచేది చల్లటి, పొడి చోట. పర్సులో కాదు, జేబులో కాదు, మోటర్ దగ్గర అసలే కాదు.

ఎండకు కాలే ఆ గదిలో చల్లటి చోటు ఒక్కటే, మంచం కింది కనకవ్వ పెట్టె. తాళంచెవి ఆమె బొడ్లో ఉంటుంది.

"నీ తల్లి. నువ్వే అడుగు," అంది ప్రమీల.

కమలాకర్ కనకవ్వ ముందు నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. "అవ్వా, నీ పెట్టెల ఒక సామాన్ పెట్టాలె. సల్లగ ఉండాలంట."

"ఏంది, మందా?"

"ఒక తీరుగ మందే."

కనకవ్వ కాగితం సంచి లాక్కుని లోపలికి చూసింది. "ఇవేనారా? నీ టిఫిన్ సంచిల ఎన్నడో చూసిన." తిట్టలేదు. పెట్టె తెరిచి తన పెండ్లి చీర కింద పెట్టింది. "నేను ఏడుగుర్ని కన్న. గివి నాకెవడు తెచ్చిచ్చిండు?"

ప్రమీలకు నెలసరి వచ్చిన రోజు కమలాకర్ కార్ఖానాలో జిలేబీలు పంచాడు. ఏంది సంగతని అడిగినవాళ్లకు, సాంచా మంచిగ నడుస్తున్నదన్నాడు.

తర్వాతి సెలవు రోజు కనకవ్వ బొడ్లోంచి తాళంచెవి తీసి మేకుకు తగిలించింది. పిల్లల చేతులు పట్టుకుని గడప దాటి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"కొడుకా, నూనెడబ్బా నేను పట్టుకపోతున్న."